2 కేవీఏ జనరేటర్ మీద 1 హెచ్‌పీ మోటార్ లాగుతుందా?

ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, ఆరు ఎల్ఈడీ బల్బులు, టీవీ, వైఫై రౌటర్, 1 హెచ్‌పీ నీళ్ల మోటార్, అన్నీ కూడితే 1285 వాట్లే కాబట్టి 2 కేవీఏ జనరేటర్ చాలు కదా అని అడిగారు. మోటార్ వదిలేస్తే చాలు. మోటార్‌తో కలిపితే లాగదు.

ముందు కేవీఏ సంగతి చూద్దాం. పోర్టబుల్ జనరేటర్‌కి పవర్ ఫ్యాక్టర్, అంటే కేవీఏలో నిజంగా వాట్లుగా పనికొచ్చే వంతు, 0.8 వేసుకుంటే 2 కేవీఏ అంటే 1600 వాట్లు. పైగా పెట్టె మీద పెద్దగా రాసేది చాలాసార్లు మ్యాగ్జిమమ్ అవుట్‌పుట్, అంటే కాసేపు మాత్రమే ఇవ్వగలిగేది. మీరు చూడాల్సింది రేటెడ్ అవుట్‌పుట్, అంటే ఆగకుండా ఇవ్వగలిగేది. గంటల తరబడి నడిపేటప్పుడు నేను అందులోనూ 80 శాతం దాటనివ్వను.

మోటార్‌ని మీరు 746 వాట్లుగా వేశారు. అది షాఫ్ట్ బయటికిచ్చే పవర్, కరెంటు నుంచి తీసుకునేది 1100 దాకా ఉంటుంది. అసలు చిక్కు స్టార్టింగ్‌లో ఉంది. ఆగి ఉన్న మోటార్ తిరగడం మొదలుపెట్టే ఆ ఒకటి రెండు క్షణాల్లో మామూలుగా తీసుకునేదానికి మూడు రెట్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే లాగుతుంది. మా ఇంట్లో చిన్న జనరేటర్ మీద ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయ్యేటప్పుడు ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా బరువెక్కుతుంది, బల్బులు కొద్దిగా మసకబారతాయి, వెంటనే అంతా సర్దుకుంటుంది. ఫ్రిజ్‌కే అలా ఉంటే నీళ్ల మోటార్ సంగతి చెప్పక్కర్లేదు.

కాబట్టి ఒకేసారి నడిచేవాటి రన్నింగ్ వాట్లు కూడండి, స్టార్టింగ్ కోసం వాటిలో పెద్ద మోటార్ ఒక్కదానికే అదనం కలపండి, ఎందుకంటే అన్నీ ఒకే క్షణంలో స్టార్ట్ కాకుండా మనం చూసుకోవచ్చు. మోటార్ లేకుండా మీ రన్నింగ్ లోడ్ ఫ్రిజ్ 150, ఫ్యాన్లు 225, బల్బులు 54, టీవీ 100, రౌటర్ 10, మొత్తం 539. ఫ్రిజ్ స్టార్టింగ్ 800 అనుకుంటే ఇంకో 650 కలిసి దాదాపు 1200, హాయిగా సరిపోతుంది. అదే మోటార్ కూడా పెడితే రన్నింగే 1639, స్టార్టింగ్ అదనం 2200, అంటే 3800 దాటిపోతుంది. రోజుకి కాసేపు నడిచే ఒక్క మోటార్ కోసం 5 కేవీఏ కొని అంత పెట్రోల్ తాగించడం నాకైతే నచ్చదు, కరెంటు ఉన్నప్పుడే ట్యాంక్ నింపుకోండి.

నేను వేసిన అంకెలు సగటువి, మీ వస్తువుల వెనక ప్లేటు చూసి మార్చుకోండి. వాట్లు లేకపోతే వోల్టులని ఆంపియర్లతో గుణించండి. మైక్రోవేవ్ మీద 800 అని ఉంటే అది వంటకి ఇచ్చేది, ప్లగ్ దగ్గర 1200 దాకా తీసుకుంటుంది. గీజర్, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్ లాంటివాటికి స్టార్టింగ్ గొడవ లేకపోయినా రన్నింగ్ లోడే వెయ్యి, రెండు వేలు, వాటి జోలికి పోవద్దు. జనరేటర్ ఆన్ చేశాక ముందు ఫ్రిజ్, అది అందుకున్నాక మిగతావి ఒక్కొక్కటిగా వేయండి.

ఇంటి వైరింగ్‌కి కలిపితే ఛేంజోవర్ స్విచ్ (ఇంటిని కరెంటు లైన్‌కో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే స్విచ్) తప్పనిసరి, లేకపోతే కరెంటు వెనక్కి లైన్‌లోకి వెళ్లి స్తంభం మీద పనిచేసే మనిషి ప్రాణం తీస్తుంది. జనరేటర్ బాల్కనీలో, వరండాలో అసలు వద్దు, కిటికీలకి 20 అడుగుల దూరంలో ఆరుబయటే పెట్టండి, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.