రిపోర్ట్‌లో నంబర్ తక్కువుంటే ఆ మందే స్ట్రాంగా?

ప్రశ్న: మా ఆవిడకి 56 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ఆరు నెలల్నుంచి డాపాగ్లిఫ్లోజిన్ వాడుతోంది. యూరిన్‌లో మంట అంటే మెడికల్ షాపులో సెఫిక్సిమ్ 200 తెచ్చి రెండ్రోజులు వేశాం, తగ్గింది, వారానికి మళ్లీ వచ్చింది. కల్చర్ (యూరిన్‌లోని బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) చేయిస్తే ఈ-కోలి అనే బ్యాక్టీరియా అన్నారు. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, సిప్రో అన్నీ ఆర్, అంటే పనిచెయ్యవట. పనిచేసేవాటికి ఎస్ అని ఉంది: నైట్రోఫ్యూరంటోయిన్ ఎస్ 16, అమికాసిన్ ఎస్ 2, మెరోపెనెమ్ ఎస్ 0.25. నంబర్ తక్కువుంటే మందు బాగా పనిచేస్తుందట కదా, మెరోపెనెమ్ చేయించమంటారా? కింద దురద ఉందంటే షాపతను ఫ్లూకోనజోల్ 150 కూడా ఇచ్చాడు, వెయ్యొచ్చా? రెండ్రోజులుగా సాయంత్రం చలేసి జ్వరం వస్తోంది, కుడి పక్క నడుం లాగుతోందంటోంది, డోలో వేస్తే తగ్గుతోంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

డాక్టర్ సలహా: నంబర్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, మీరు చివర్లో ఊరికే రాసినట్టు రాసిన ఆ ఒక్క లైన్ దగ్గరే నేను ఆగిపోయాను. షుగర్ ఉన్న మనిషికి చలిజ్వరం, ఒక పక్క నడుం నొప్పి, యూరిన్‌లో ఈ-కోలి, ఈ మూడూ కలిసొచ్చాయంటే ఇన్‌ఫెక్షన్ మూత్రాశయం దాటి కిడ్నీకి ఎక్కిందేమోనని ముందు అనుమానించాలి. మనిషిని చూడకుండా అదేనని నేను చెప్పలేను, కండరాల నొప్పి కావచ్చు, రాయి కావచ్చు, కానీ అది తేల్చాల్సింది ఎవరో ఒక డాక్టర్ ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టి చూసి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, బ్లడ్ కౌంట్, అల్ట్రాసౌండ్ చేయించి. ఇవాళే. వాంతులు గానీ మగత గానీ ఉన్నా, యూరిన్ తగ్గినా ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. డోలో వేస్తే జ్వరం దిగుతుంది, ఇన్‌ఫెక్షన్ దిగదు, మీరు థర్మామీటర్ నోరు మూయించారంతే.

ఇప్పుడు ఆ నంబర్లు. దాన్ని ఎంఐసీ అంటాం. లాబ్‌లో ఆవిడ యూరిన్‌లోంచి పెరిగిన బ్యాక్టీరియాని తీసి ఒక్కో మందుని 1, 2, 4, 8, 16 అలా రెట్టింపు చేసుకుంటూ కలిపి చూస్తారు, ఏ మోతాదు దగ్గర పెరగడం ఆగిందో అదే ఆ మందు ఎంఐసీ. దాన్ని ఆ మందుకే గీసిన గీతతో పోల్చాలి గానీ పక్క మందు నంబర్‌తో కాదు. ఈ-కోలికి నైట్రోఫ్యూరంటోయిన్ గీత 32, మెరోపెనెమ్ గీత 1, మీ 16, మీ 0.25 రెండూ ఎవరి గీత కింద వాళ్లున్నారు, అందుకే రెండూ ఎస్. బంగారం గ్రాముల్లో కొంటాం, బియ్యం కిలోల్లో కొంటాం, రెండు తూకాలూ పక్కన పెట్టి ఏది గొప్ప అంటే ఏం చెప్పాలి? అన్నట్టు 16 ముందు ≤ గుర్తు ఉండే ఉంటుంది, మీరు వదిలేసి రాసుంటారు, మెషీన్ అంతకన్నా కిందకి పరీక్ష చెయ్యలేదని దానర్థం, అసలు నంబర్ ఇంకా తక్కువే కావచ్చు. కొన్ని లాబ్‌లు ఇంకా బిళ్లల పద్ధతిలోనే చేస్తాయి, జెల్లీలాంటి అగార్ ప్లేటు మీద బ్యాక్టీరియా పూసి మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి రాత్రంతా 35 డిగ్రీల్లో ఉంచితే పొద్దునకి బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది, దాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు, అక్కడ వలయం ఎంత పెద్దదైతే మందుకి అంత లొంగినట్టు. ఆ రిపోర్ట్‌ని మీ లెక్కన చదివితే అస్సలు పనిచెయ్యని మందే కొనుక్కొస్తారు.

ఇంకోటి, ఇన్‌ఫెక్షన్ ఎక్కడుందో మెషీన్‌కి తెలీదు. నైట్రోఫ్యూరంటోయిన్ యూరిన్‌లో బాగా చేరుతుంది, అందుకని మూత్రాశయం వరకే ఉంటే మామూలుగా 100 ఎంజీ రోజుకి రెండుసార్లు, తిన్నాక, అయిదు రోజులు ఇస్తాం, అదీ క్రియాటినిన్ బాగుంటేనే. కిడ్నీ లోపలి కణజాలంలోకి మాత్రం చాలినంత చేరదు. కిడ్నీకి ఎక్కుంటే కాగితం మీద ఎస్ ఉన్నా ఆ మందుని నమ్ముకోలేం. అప్పుడు మీరడిగిన మెరోపెనెమో దాని జాతి ఇంజెక్షనో నిజంగానే రాయాల్సి రావచ్చు, కానీ 0.25 చూసి కాదు, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి పోయాయి కాబట్టి. దాన్ని ఆర్‌ఎంపీ చేత ఇవాళ ఒకటి, కుదిరితే రేపొకటి అని మాత్రం చేయించకండి. మెరోపెనెమ్ రక్తంలో ఎంత ఎత్తుకి వెళ్లిందన్నది కాదు, ఎంఐసీ పైన ఎన్ని గంటలు నిలబడిందన్నది లెక్క, అందుకే మామూలుగా ఎనిమిది గంటలకోసారి ఇస్తాం. అమికాసిన్ దానికి తలకిందులు, ఒకేసారి ఎత్తుకి వెళ్లాలి, బరువు చూసి రోజుకొక్కసారి, చెవికీ కిడ్నీకీ దెబ్బ కాబట్టి జాగ్రత్తగా. క్రియాటినిన్ పెరిగుంటే రెండింటి డోసూ మార్చాల్సిందే.

సెఫిక్సిమ్ గురించి కొంచెం కోప్పడతాను, ఏమీ అనుకోకండి. అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు, 2014 నుంచీ హెచ్1 షెడ్యూల్ అనే జాబితాలో ఉంది, అమ్మితే షాపువాళ్లు విడిగా రిజిస్టర్‌లో రాయాలి, మీకు మాత్రం జీడిపప్పు ప్యాకెట్‌లా ఇచ్చేశారు. ఆ నాలుగు బిళ్లల వల్లే రెసిస్టెన్స్ వచ్చిందని నేననను, ముందే ఉండుండొచ్చు. నా బాధ వేరే. మంట సగం తగ్గడంతో కల్చర్ చేయించాల్సిన వారం కాస్తా పోయింది, ఆ వారంలోనే ఇది పైకి ఎక్కుండొచ్చు. యూరిన్ శాంపిల్ మొదటి బిళ్ల పడకముందు ఇవ్వాలి, ఇలాంటి కేసు ప్రతి వారం చూస్తున్నాను. మిగిలిన బిళ్లలు ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంటే ఇంట్లో ఇంకొకళ్ల దగ్గుకి వెయ్యకండి.

ఫ్లూకోనజోల్ మీ అంతట మీరు వెయ్యొద్దు. అది గ్లిమెపిరైడ్‌ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు, జ్వరంతో సరిగ్గా తినని మనిషికి షుగర్ ఢామ్మని పడిపోవచ్చు, చెమటలు, వణుకు వస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్ షుగర్‌ని యూరిన్‌లోకి తోసేస్తుంది కదా, దురద ఫంగస్‌దే అయ్యుండొచ్చు, అయినా అన్ని ఫంగస్‌లూ ఒకటి కావు, కాండిడా అనే ఫంగస్ జాతిలో క్రూసీ అనేది ఫ్లూకోనజోల్‌కి లొంగదు, గ్లాబ్రాటాకి మామూలు డోసు చాలదు, లాబ్‌వాళ్లు దాన్ని ఎస్ అని రాయకుండా ఎస్‌డీడీ అని రాస్తారు, అంటే డోసు పెంచితేనే అని. డాక్టర్ చూసి క్లోట్రిమజోల్ లోపల పెట్టే బిళ్లలతో సరిపెట్టొచ్చు. జ్వరంలో సరిగ్గా తినకపోతే డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ ఆపాలా అన్నదీ ఇవాళే అడగండి, డాపాగ్లిఫ్లోజిన్ మీద షుగర్ రీడింగ్ మామూలుగా కనిపిస్తూనే రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోన్లు పెరగొచ్చు.

వెళ్లేటప్పుడు కల్చర్ రిపోర్ట్‌తో పాటు వాడిన స్ట్రిప్పులన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసుకెళ్లండి. ఆఖరి డోలో ఎన్నింటికి వేశారో చెప్పండి, లేకపోతే అక్కడ జ్వరం లేదని రాసేసి పంపించేస్తారు.