నానోట్యూబులను నొక్కితే ఏమవుతుంది?

ప్రశ్న: కార్బన్ నానోట్యూబులను గట్టిగా నొక్కితే ఏ కొత్త కార్బన్ వస్తుందో కంప్యూటర్ ముందే చెబుతుందట. ప్రయోగం లేకుండా ఎలాగండీ మాస్టారూ?
– డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. నానోట్యూబు అంటే కార్బన్ పరమాణువులతో అల్లిన అతి సన్నని గొట్టం, అందులో ఒక్కో పరమాణువుకి మూడే పొరుగువాళ్లు. కట్టగా ఉన్న గొట్టాలను నొక్కుతూ పోతే అవి అణిగి చదునవుతాయి, పక్క గొట్టాల గోడలు బాగా దగ్గరికొచ్చాక నాలుగో బంధం పడుతుంది. వజ్రంలోనూ నాలుగు బంధాలే, కానీ అల్లిక వేరు: వజ్రంలో ఆరు పరమాణువుల వలయాలుంటే, బీసీటీ-సీ4 అనే ఊహించిన రూపంలో నాలుగువీ ఎనిమిదివీ ఉంటాయి.

కంప్యూటర్ చేసేది ఇదీ: రకరకాల అల్లికలు వేసి, ఒక్కోదాని శక్తిని క్వాంటమ్ సూత్రాలతో లెక్కగట్టి, తక్కువ శక్తి ఉన్నవాటినే ఉంచుతుంది. తర్వాత పరమాణువులను కాస్త కదిపి చూస్తుంది, తిరిగి చోటుకి రాకపోతే ఆ రూపం నిలబడదు, అంతే. నిలిచినవాటి ఎక్స్‌రే నమూనాను, అంటే ఎక్స్‌రేలు వాటిమీద పడి చెదిరితే వచ్చే గుర్తుల వరసను, లెక్కగట్టి ప్రయోగంలో వచ్చినదానితో పోల్చాలి. 2004లో నానోట్యూబులను 75 గిగాపాస్కల్స్ దాకా, అంటే వాతావరణ పీడనానికి సుమారు 7.5 లక్షల రెట్లు నొక్కితే, ఒత్తిడి తీసేశాక కూడా నిలిచే అతి గట్టి కార్బన్ వచ్చింది. చిక్కేంటంటే ఇలాంటి నమూనాలకి ఒకటికి మించిన అల్లికలు సరిపోతుంటాయి, కాబట్టి లెక్క కుదిరింది కదా అని రుజువైనట్టు అనుకోకూడదు.

మీరే చేసి చూడొచ్చు. ఇలాంటి లెక్కలు చేసే క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ముందు వజ్రంతో మొదలుపెట్టండి, వజ్రం అల్లికలో మళ్లీమళ్లీ వచ్చే చిన్న ఘనం (క్యూబ్) అంచు 3.57 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దరిదాపుల్లో వస్తే బీసీటీ-సీ4కి వెళ్లండి.