మెనూ రాకుండా నేరుగా విండోసే ఓపెన్ అవుతోందా? ఉబుంటు ఎక్కడికీ పోలేదు

విండోస్ పక్కన ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) వేశాక రెండిట్లో ఏది కావాలో సెలక్ట్ చేసుకునే మెనూనే రావట్లేదు, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు కదండీ, దయచేసి అప్పుడే చేయకండి, చాలావరకు ఉబుంటు డిస్క్‌లో అలాగే ఉంటుంది.

ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి ఆ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి, ఇది మాత్రం అస్సలు వదిలేయొద్దు. తర్వాత కంప్యూటర్ ఆన్ చేయగానే బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి (ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కాలి, మోడల్‌ని బట్టి) బూట్ ఆర్డర్‌లో విండోస్ బూట్ మేనేజర్ కంటే పైకి ఉబుంటుని జరిపి సేవ్ చేయండి, ఆ సెలక్ట్ చేసుకునే మెనూ (దాన్నే గ్రబ్ అంటారు) వచ్చేస్తుంది. బూట్ ఆర్డర్‌లో ఉబుంటు పేరే కనిపించకపోతే చాలావరకు మీరు ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌ని లెగసీ మోడ్‌లో (పాత బూట్ పద్ధతి) బూట్ చేసి ఉంటారు, విండోస్ యూఈఎఫ్ఐలో (కొత్త బూట్ పద్ధతి) ఉంటే ఉబుంటుని కూడా అదే మోడ్‌లో వేయాలి, మళ్ళీ ఇన్‌స్టాల్ అప్పుడే.

ఇక ఉబుంటులో ఉన్నప్పుడు డీ డ్రైవ్‌లో ఫైల్స్ సేవ్ అవ్వలేదన్నారు, అది దాదాపుగా విండోస్ ఫాస్ట్ స్టార్టప్ వల్లే, షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం హైబర్నేట్‌లో ఉంటుంది, అందుకే లినక్స్ ఆ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫార్మాట్) పార్టిషన్‌ని చదవడానికే తెరుస్తుంది, రాయనివ్వదు. బలవంతంగా రాయించే ప్రయత్నం చేయకండి, ఫైల్స్ పాడయ్యే ప్రమాదం ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేసి, ఒకసారి పూర్తిగా షట్‌డౌన్ చేసి చూడండి. ఇవన్నీ చేశాక కూడా మెనూ రాకపోతే బూట్ ఆర్డర్ స్క్రీన్ ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.