రెజిన్ పోయడం వస్తే ఆర్టిస్ట్ అయిపోయినట్లేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. యూట్యూబ్ చూసి రెజిన్‌తో (అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) ట్రేలు, కీచైన్లు చేసి ఇన్‌స్టాలో అమ్ముతోంది. రంగు, వెలుగుతో అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్ చేస్తా, ఇంజినీరింగ్ వద్దు అంటోంది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కీచైన్లు అమ్ముడుపోతున్నాయంటే మీ అమ్మాయికి చిన్న వ్యాపారం చేతనైనట్లే. ఆర్టిస్టుగా నిలబడటం దీనికంటే చాలా పెద్ద లెక్క.

కాలిఫోర్నియాలో హెలెన్ పాష్గియన్ అనే ఆర్టిస్ట్ ఉన్నారు. 1934లో పుట్టారు. చదివింది కళా చరిత్ర. పాత డచ్ చిత్రాల్లో వెలుగు ఎలా పడుతుందో ఏళ్ల తరబడి చూశాకే, 1960ల్లో రెజిన్ ముట్టుకున్నారు. ఆవిడ పోతపోసిన గోళం చుట్టూ మనం నడుస్తుంటే లోపలి రంగు, ఆకారం మారుతూ కనిపిస్తాయి. 2014లో లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియం పెద్ద ప్రదర్శన పెట్టేనాటికి ఆవిడ ఎనభైకి దగ్గరపడ్డారు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు, కానీ ఈ సంగతి ఇంట్లో దాచకండి.

ఇంతకీ మీ అమ్మాయి ఎంపీసీ వృథా కాదు. రెజిన్ అంటేనే కెమిస్ట్రీ. దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ కొలత తప్పితే బంకబంకగా ఉండిపోతుంది. కప్పులో ఎక్కువ కలిపి వదిలేస్తే వేడెక్కి పొగలొస్తుంది. అదే కాలిఫోర్నియాలో డి వెయిన్ వాలెంటైన్ అనే శిల్పి, పెద్ద దిమ్మెలు ఒకే పోతలో పగలకుండా రావాలని ఏకంగా కొత్త రకం రెజిన్ తయారీకే పూనుకున్నారు. పీటర్ అలెగ్జాండర్ అనే మరో శిల్పి మాత్రం ఆ రసాయనాలు ఒంటికి పడక 1970ల మొదట్లోనే పాలియెస్టర్ రెజిన్ మానేశారు. అందుకే అమ్మాయి పడుకునే గదిలో ఈ పని వద్దు. నైట్రైల్ గ్లౌజులు, రసాయనాల ఆవిరిని ఆపే మాస్కు, గాలి ఆడే చోటు కావాలి. ఎపాక్సీ రకం రెజిన్ ఒకసారి చర్మానికి అలర్జీ తెచ్చిందంటే అది జీవితాంతం వదలకపోవచ్చు.

చదువు విషయానికొస్తే, హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) నాలుగేళ్ల బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది, దానికి ఎఫ్ఏడీఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పెయింటింగ్ కంటే శిల్పం బ్రాంచ్ వైపే నేను మొగ్గుతాను. అచ్చులు, పోతలు అక్కడే వస్తాయి. వడోదర ఎంఎస్ యూనివర్సిటీకి కూడా అప్లై చేయండి. మీకు ఉద్యోగం భరోసా కావాలంటే డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్ష యూసీడ్ రాయించండి, ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ (డిజైన్ డిగ్రీ) ఉంది.

ఏది రాసినా డ్రాయింగ్ తప్పదు. అమ్మాయి స్కెచ్‌బుక్ చివరిసారి ఎప్పుడు తెరిచిందో ఈ రాత్రే అడగండి.