"అలవాటు పడితే అదే పోతుంది" అనే మాట నమ్మకండి

జనంలోకి వెళ్తే చప్పుళ్లు, లైట్లు, వాసనలు అన్నీ ఒక్కసారే మీద పడి పారిపోవాలనిపిస్తోంది, ఎలా తట్టుకోవాలి అని అడిగారు. నాకు నలభై దాటాయి, చిన్నప్పటి నుంచీ నాదీ ఇదే అవస్థ. జాతరలో డప్పులు మోగితే చెవులు మూసుకుని ఏడ్చేదాన్ని. దిష్టి తగిలిందని అమ్మ ఉప్పు, మిరపకాయలు తీసేది. పెద్దయ్యాక అలవాటవుతుందన్నారు. అవలేదు. అందుకే తట్టుకోమని నేను చెప్పను. బయటపడే దారి ముందే చూసి పెట్టుకోమంటాను.

రెండేళ్ల కిందట జనవరిలో ఒక ఆదివారం, మా ఆడబిడ్డ పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ నాంపల్లిలో ఏటా పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్‌కి వెళ్లాం. 1938లో మొదలైన నుమాయిష్ అంటే మా ఇంట్లో సంక్రాంతితో సమానం. లోపల దుప్పట్లవాళ్ల కేకలు, మిర్చి బజ్జీల నూనె వాసన, నెత్తిమీద లైట్లు, మధ్యమధ్య తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో. అంతవరకూ ఎలాగో నెట్టుకొచ్చాను. పిల్లలు పట్టుబట్టారని చావుబావి, అదే మౌత్ కా కువా, మెట్లెక్కాం. కింద మోటారుసైకిళ్లు గోడ పట్టుకుని తిరుగుతుంటే ఆ చెక్కల అదురు అరికాళ్ల నుంచి పళ్లదాకా పాకింది. ఎవరేం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు. "అత్తా, చెయ్యి నొప్పి" అని చిన్నది ఏడిస్తేగానీ దాని వేళ్లు ఎంత గట్టిగా నలిపేస్తున్నానో తెలియలేదు.

పిల్లల్ని మా ఆయనకి అప్పగించి దిగిపోయాను. శాలువాల దుకాణం వెనక అట్టపెట్టెల మధ్య ఒక కశ్మీరీ పెద్దాయన ఉన్నాడు. నా ముఖం చూసి ఏమీ అడగలేదు, స్టూలు జరిపాడు. శాలువా మడవడం, మధ్యలో కాగితం పెట్టడం, మళ్లీ మడవడం. ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నా. పావుగంటకి చెవుల్లో హోరు తగ్గింది. ఏ మందూ అంత పని చెయ్యదు. ఏ ఎగ్జిబిషన్‌లో అయినా, ఏ ఫంక్షన్ హాల్లో అయినా అలాంటి మూల ఒకటి ఉంచితే ఎంతమంది బతికిపోతారో!

పెళ్లిళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. జీలకర్ర బెల్లం వేళ గట్టిమేళం వాయిస్తారు, అది ముచ్చటే, రెండు నిమిషాల్లో అయిపోతుంది. భోజనాల దగ్గర కూడా డీజే ఎందుకు? పక్కనున్న పెద్దమ్మని బాగున్నావా అని అడగాలన్నా అరవాలి. ఇళ్ల మధ్య చప్పుడు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరంలోనే నిబంధనలొచ్చాయి. మా వీధిలో రాత్రి పదకొండింటికి బరాత్ వస్తే కిటికీ అద్దాలు గలగలమంటాయి.

మీరు చేయగలిగింది చెబుతాను. ఖాళీ కడుపుతో వెళ్లకండి, సగం బాధ ఆకలిదే. దూది దండగ, మెడికల్ షాపులో స్పాంజి ఇయర్‌ప్లగ్‌లు కొనండి. డీజే దరువు వాటికీ ఆగదు, దానికి దూరం జరగడమొక్కటే మందు. లైట్లకి అంచున్న టోపీ. అన్నిటికన్నా ముఖ్యం, వెంట వచ్చే మనిషితో ఒక గుర్తు అనుకోండి. నేను మా ఆయన మణికట్టు మీద రెండుసార్లు తడితే, ఎందుకు, ఏమైంది అనకుండా బయటికి నడుస్తారు.

ఈ జనవరిలో మళ్లీ వెళ్లాం, బుధవారం, గేటు తెరిచే వేళకి. పిల్లలు టాయ్ ట్రైన్ రెండుసార్లు ఎక్కారు. మణికట్టు తట్టాల్సిన పని పడలేదు.