రెండు వాట్లకి ఏం వినపడుతుంది?

పోయిన నెల ఈ పేజీలో మాటవరసకి ఒక సంగతి రాశాను. మా ఇంట్లో పాట వినేది రెండు వాట్ల వాల్వు (పాత రేడియోల్లో వెలిగే గాజు బుడ్డి) యాంప్లిఫయరు మీద, బేసూ ట్రెబులూ అన్నీ తనే పలికే ఒకే ఒక్క ఫుల్‌రేంజ్ స్పీకరుతో అని. టీవీ ఏది కొనాలి, ఫోను ఎందుకు వేడెక్కుతోంది అని అడిగేవాళ్ళు కూడా ఈసారి దాని గురించే రాశారు. అందుకని మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి వీటికే జవాబులు చెబుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గర వెయ్యి వాట్లు అని రాసి ఉన్న హోమ్ థియేటర్ ఉంది. మీరేమో రెండు వాట్లు అంటున్నారు. రెండు వాట్లకి ఏం వినపడుతుందండీ, దోమ రొదా?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కాకినాడ

జవాబు: ముందు ఆ వెయ్యి వాట్ల సంగతి తేల్చుకుందాం. పెట్టె వెనక కరెంటు ఎంత లాగుతుందో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. గోడలోంచి వంద వాట్లు తీసుకునేది స్పీకర్లకి వెయ్యి ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తుంది?

మీ ఉత్తరం వచ్చిన రాత్రి ఒక పని చేశాను. భోజనాలయ్యాక రోజూ వినేంత సౌండులోనే ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ పెట్టి, స్పీకరు తీగల మధ్య మల్టీమీటరు తగిలించాను. నాది పాత ముల్లు మీటరు. ముల్లు 0.4కీ 0.7కీ మధ్య ఊగుతోంది. 0.6 వోల్టు అనుకుందాం. దాన్ని దానితోనే హెచ్చిస్తే 0.36. స్పీకరు 8 ఓములు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే 0.045 వాట్లు. వాటులో ఇరవయ్యో వంతు కూడా కాదు. అప్పటికే మా ఆవిడ వంటింట్లోంచి "కాస్త తగ్గించకూడదూ" అంది. మీటరు చూపేది సగటే అనుకోండి. కమాను గట్టిగా పడ్డప్పుడు, మృదంగం మీద దెబ్బ పడ్డప్పుడు ఒక్క క్షణం ఇరవై ఇంతలు లేచిందనుకున్నా 0.9 వాట్లు అవుతుంది. నా రెండు వాట్లలో సగానికి పైగా ఇంకా మిగిలే ఉంది.

అసలు కిటుకు స్పీకరు సెన్సిటివిటీలో ఉంది. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరం నుంచి కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తుందన్నదే ఆ లెక్క. షాపుల్లో దొరికే చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు చాలావరకు 86 దగ్గర ఉంటాయి. నా ఎనిమిది అంగుళాల ఫుల్‌రేంజ్ 96. తేడా పది డెసిబెల్స్, అంటే పవరులో పదింతలు. నా రెండు వాట్లు చేసే పనికి ఆ బుక్‌షెల్ఫ్‌కి ఇరవై వాట్లు కావాలి.

ఇంకొక మాట. విజయవాడ రేడియో స్టేషను 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు ఆ వార్తలూ పాటలూ మన ఊళ్ళు విన్నది ఎలా? సెట్టులో సౌండు కోసం ఒక్క వాల్వు, దాని కింద ఒక్క పేపర్ కోను స్పీకరు. దానితోనే అరుగు మీద కూర్చున్న పదిమందికీ వినపడేది. సింగిల్ ఎండెడ్, ఫుల్‌రేంజ్ అనే పేర్లు మనం విని ఉండం గానీ వాడింది అవే.

ప్రశ్న: బేసూ ట్రెబులూ రెండూ ఒకే స్పీకరు ఎలా ఇస్తుంది? ఇచ్చేదైతే బేసుకి ఊఫరు, ట్రెబులుకి ట్వీటరు ఎందుకు కనిపెట్టినట్టు?
– ఇంజినీరింగ్ లెక్చరర్, వరంగల్

జవాబు: ఇవ్వదు మాస్టారూ. ఫుల్‌రేంజ్ అన్న పేరే కాస్త గొప్పలకి పోయింది. కింద కొంత, పైన కొంత వదులుకుంటాం. వదులుకుని ఏం తెచ్చుకుంటాం అన్నదే చూడాలి.

రెండు స్పీకర్ల పెట్టెలో పాటని ఊఫరుకీ ట్వీటరుకీ పంచే క్రాసోవరు మామూలుగా 2,000, 3,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మన చెవి బాగా చురుగ్గా ఉండే జాగాలో అది కూడా ఒకటి. పద్యంలో 'చ', 'స', 'ష' ఒకదానికొకటి వేరుగా తెలిసేది ఆ చుట్టుపక్కలే. గొంతును అక్కడ కోసి రెండు ముక్కలు రెండు స్పీకర్లకి ఇవ్వడం కన్నా ఒక్కదానికే వదిలేస్తే, పాడే మనిషి ఒక్కచోట నిలబడి పాడినట్టుంటుంది. ఘంటసాల పద్యం ఎత్తుకుని ఊపిరి తీసుకునే చప్పుడు నాకు మొదటిసారి తెలిసింది ఇలాంటి స్పీకరులోనే.

దీనికి కట్టే మూల్యం కూడా చెప్పాలి. కోను పెద్దదయ్యేకొద్దీ పై స్వరాలు టార్చిలైటులా ముందుకే పోతాయి. ఎదురుగా కుర్చీ వేసుకుంటే సరే, పక్కన కూర్చున్నవాళ్ళకి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. కొన్నిటిలో మధ్యలో ఇంకో చిన్న కాగితం కోను అతికిస్తారు, దాన్ని విజ్జర్ అంటారు. అది పై స్వరాలని లేపుతుంది గానీ కొన్ని గొంతులు అరిచినట్టు చేస్తుంది. బేసు సంగతి మరీ ఉంది. ఇరుకైన పెట్టెలో పెడితే ఒక స్వరం కిందికి దిగేసరికి సౌండు పెట్టె చుట్టూ తిరిగి వెనక్కి జారిపోతుంది. 115ని పెట్టె వెడల్పుతో, మీటర్లలో, భాగిస్తే అది ఎక్కడ జరుగుతుందో దాదాపుగా తెలుస్తుంది. 20 సెంటీమీటర్ల పెట్టెకి 575 హెర్ట్జ్. అక్కడి నుంచి కిందికి పోనుపోను ఆరు డెసిబెల్స్ దాకా తగ్గి, పాట పీలగా వినిపిస్తుంది. నాలుగంగుళాల స్పీకర్లు కట్టి "ఇంతేనా" అని పెదవి విరిచేవాళ్ళలో చాలామందిది ఇదే బాధ. స్పీకరుకి వరసలో 4.7 ఓముల రెసిస్టరు, దానికి అడ్డంగా (పారలల్‌గా) 1.3 మిల్లీ హెన్రీల కాయిలు పెడితే పైన నాలుగు డెసిబెల్స్ తగ్గి, కిందిదానితో సమానమవుతుంది. కానీ రెండు వాట్లవాడికి నాలుగు డెసిబెల్స్ చిన్న నష్టం కాదు. ముందు పెట్టెని గోడకి దగ్గరగా జరిపి చూడండి, ఖర్చు లేదు.

నేను పట్టింది మూడో దారి, పెట్టే లేదు. తెనాలిలో మా పాత ఇల్లు పడగొట్టినప్పుడు పెరటి టేకు తలుపు తెచ్చుకున్నాను. దానికి గుండ్రంగా కంత కోయమంటే కార్పెంటరు "పిల్లి కోసమా సార్?" అన్నాడు. కంత సరిగ్గా నడిమధ్య కాకుండా కాస్త పక్కకి కోయించాను. అన్ని అంచులూ ఒకే దూరంలో ఉంటే ఒక స్వరం దగ్గరే గండి పడుతుంది. తలుపు పలకలు వణక్కుండా వెనక అడ్డపట్టీలు కొట్టించాను. అంతా అయ్యాక పాట పెడితే ఒక స్వరం దగ్గర గిర్రుమని చప్పుడు. వాల్వు పాడైందనుకుని మూడు సాయంత్రాలు వాల్వులు మార్చి మార్చి చూశాను. నాలుగో రోజు తలుపు మీద చెయ్యి పెట్టి విన్నాను. పీకడం మర్చిపోయిన పాత గడియ కొక్కెం, ఆ స్వరం వచ్చినప్పుడల్లా తనూ వణుకుతోంది. దాన్ని పీకేశాను, చప్పుడు పోయింది. ఇప్పుడు మృదంగం ఎడమ వైపు తొప్పి మీది గుంకీ చక్కగా వినిపిస్తుంది. కొత్త సినిమా పాటల్లో గుండె అదిరే దెబ్బ మాత్రం రాదు, రావాలని నేను అడగను కూడా.

ఒక జాగ్రత్త. తలుపుకి బిగించాలంటే స్పెసిఫికేషన్లలో క్యూటీఎస్ (Qts) అనే అంకె 0.7 అటూఇటూ ఉన్న స్పీకరు చూసుకోండి. 0.2, 0.3 ఉన్నవాటికి మ్యాగ్నెట్ బలమెక్కువ. వాటిని తలుపుకి పెడితే బేసు అసలుండదు. అవి వెనక మడతల హారన్ (బాకాలాంటి గొట్టం) ఉన్న పెద్ద పెట్టెలకి.

ప్రశ్న: పాలిటెక్నిక్ చదువుతున్నాను. వీడియోలు చూసి వాల్వు యాంప్లిఫయరు నేనే కడదామనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి సార్?
– విద్యార్థి, అనంతపురం

జవాబు: స్పీకరు దగ్గర మొదలుపెట్టు బాబూ. ముందు స్పీకరు కట్టి, టీడీఏ2003 ఐసీతో చిన్న యాంప్లిఫయరు చేసుకో. పాత కారు స్టీరియోల్లో వాడిన ఐసీ అది. 12 వోల్టుల మీద, 8 ఓములకి అదీ రెండు వాట్ల దగ్గరే ఇస్తుంది, షాకు కొట్టదు. ఆర్నెల్లు దానితో విను.

ఇంత ముసలి సలహా ఎందుకిస్తున్నానంటే, వాల్వు సెట్టులో 250 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకేసినా కండెన్సరులో అలాగే కూర్చుంటుంది. మా నాన్నగారి రిపేరు షాపులో నేను నీ వయసులో ఉండగా, ప్లగ్గు తీశాం కదా అని చాసిస్‌లో, అంటే సెట్టు ఇనుప చట్రంలో, చెయ్యి పెట్టాను. స్టూలు మీంచి లేచి వెనక బీరువాకి కొట్టుకున్నాను. నాన్నగారు ముందు నన్ను కాదు, సోల్డరింగ్ ఐరన్ ఎక్కడ పడిందో చూశారు. ఆ రోజు నుంచి నేను కట్టే ప్రతి సెట్టులో కండెన్సరుకి అడ్డంగా 220 కిలో ఓముల రెసిస్టరు ఉంటుంది. 47 మైక్రోఫారడ్ అయితే నిమిషంలో ఖాళీ అవుతుంది. అయినా మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టు. రెండో చెయ్యి జేబులో ఉండాలి.

వాల్వుకి ఈఎల్84 తీసుకో. దాని లోపలి భాగాల్లో స్క్రీన్‌ని ప్లేటుకి కలిపి ట్రయోడ్‌లా (మూడు భాగాల వాల్వులా) వాడితే 250 వోల్టుల మీద రెండు వాట్లకి కాస్త తక్కువ ఇస్తుంది. కలపకుండా పెంటోడ్‌గా (ఐదు భాగాల వాల్వుగా) వాడితే ఐదున్నర దాటుతుంది. పెంటోడ్‌ని ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చినదాంట్లో కొంత వెనక్కి ఇచ్చి తప్పు సరిచేయడం) లేకుండా వాడితే మాత్రం స్పీకరు కోనుని పట్టి ఆపే బలం ఉండదు. లెక్క కావాలంటే రాసుకో: వాల్వుకీ స్పీకరుకీ మధ్య 5,200 ఓములని 8కి దించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, స్పీకరు వైపు నుంచి దాని గుండా చూస్తే పెంటోడ్ 58 ఓముల్లా, ట్రయోడ్ మూడు ఓముల్లా కనిపిస్తాయి. ఆ 58తో బేసు ఎక్కువైనట్టు ఉంటుంది గానీ ఒకే స్వరం మీద గుంయ్‌మంటుంది.

డబ్బు పెట్టాల్సింది ఆ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మీద. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీలో మిగతా సామాను చాలావరకు దొరుకుతుంది. ట్రాన్స్‌ఫార్మరు మాత్రం చుట్టించుకోవాలి. స్టెబిలైజర్లు చుట్టే ఒకాయనకి నేనూ ఇచ్చాను. చుట్లు ఇరవై ఐదున్నరకి ఒకటి చొప్పున లెక్కగా చుట్టాడు. కానీ అలవాటు కొద్దీ 'ఈ' (E), 'ఐ' (I) అక్షరాల ఆకారంలో ఉండే ఇనుప పలకల్ని ఎడాపెడా పేర్చేశాడు. సింగిల్ ఎండెడ్‌లో ప్రైమరీ (వాల్వు వైపు చుట్టు) గుండా 48 మిల్లీ ఆంపియర్ల డీసీ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. గ్యాప్ లేకపోతే ఇనుము దానితోనే నిండిపోయి బేసు చచ్చిపోతుంది. 'ఈ' పలకలన్నీ ఒక వైపు, 'ఐ' పలకలన్నీ ఇంకో వైపు పేర్చి, మధ్యలో కాగితం ముక్క పెట్టమని కాగితం మీద బొమ్మ గీసి మరీ ఇవ్వు. నాది మొత్తం ఊడదీసి మళ్ళీ పేర్చాల్సి వచ్చింది. ఇంకొకటి, స్పీకరు తగిలించకుండా ఆ సెట్టులో పాట పెట్టకు, ట్రాన్స్‌ఫార్మరు లోపలే స్పార్కు కొట్టి పోతుంది.

ప్రశ్న: మా తాతగారి వాల్వు రేడియో అటక మీద ఉంది. దాని స్పీకరు తీసి వాడుకోవచ్చా? రేడియో పనిచేస్తుందో లేదో ప్లగ్గు పెట్టి చూడమంటారా?
– స్కూలు టీచరు, ఖమ్మం

జవాబు: ప్లగ్గు పెట్టకండమ్మా! వెనక అట్ట తీసి వాల్వుల మీద పేర్లు చదవండి. యూసీహెచ్, యూఎల్ అని 'యూ'తో మొదలైతే అది ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ/డీసీ సెట్టు. అందులో ఇనుప చాసిస్‌కే నేరుగా కరెంటు తగిలి ఉంటుంది. పైన నాబు ఊడి ఉంటే బయటికొచ్చిన ఇనుప కడ్డీ ముట్టుకున్నా చాలు. 'ఈ'తో మొదలైతే కాస్త నయం. అప్పుడు కూడా పాత మెకానిక్‌ని పిలిచి, 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి వెలిగించమనండి. ముందు పాత కాగితం కండెన్సర్లు మార్చాలి. అవి లీకైతే అవుట్‌పుట్ వాల్వు ప్లేటు ఎర్రగా కాలిపోతుంది.

స్పీకరు తీయకండి. అది ఆ పెట్టెకి, ఆ ట్రాన్స్‌ఫార్మరుకి సరిపోయేలా పెట్టింది. బొద్దింకలు కోను కొరికి ఉంటే టిష్యూ కాగితం ముక్క, నీళ్ళు కలిపిన ఫెవికాల్ చాలు. 'ఈ' సెట్టే అయితే వెనక గ్రామఫోను బొమ్మ ఉన్న సాకెట్లు చూడండి, మెకానిక్ ఓకే అన్నాక ఫోను పాట వాటిలోకి ఇవ్వొచ్చు. 'యూ' సెట్టుకి మాత్రం వద్దు.

ప్రశ్న: డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లౌథర్ స్పీకర్లు, 300బి యాంప్లిఫయరు కొందామనుకుంటున్నాను. అంత డబ్బు పెట్టొచ్చా?
– ప్రవాస పాఠకుడు

జవాబు: మీ డబ్బు, మీ ఇష్టం. 300బి అనేది వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 1930లలో చేసిన ట్రయోడ్, సినిమా హాళ్ళ యాంప్లిఫయర్లలో వాడారు, ఎనిమిది వాట్ల దాకా ఇస్తుంది. లౌథర్ ఇంగ్లండు కంపెనీ, పాల్ వాయిట్ అనే ఇంజినీరు డిజైన్ల వారసత్వం. రెండూ మంచివే. కానీ లౌథర్‌ని దానికి తగ్గ హారన్ పెట్టె లేకుండా కొంటే రేకు డబ్బాలోంచి పాడినట్టుంటుంది. ఆ పెట్టెలు బీరువాలంత ఉంటాయి, ఇంట్లో ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి. జపాను ఫాస్టెక్స్ నాలుగంగుళాల ఎఫ్ఈ103 జత ముందు కొని విని చూడండి. అది 1960లలో మొదలైన మోడలు, మార్పులతో ఇంకా చేస్తున్నారు. సెన్సిటివిటీ 89 మాత్రమే గనుక చిన్న గదిలోనే వినండి. పాత తెలుగు పాటలు ఎటూ మోనో రికార్డింగులే. జతలో ఒక్కదాన్నే ఎదురుగా పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: వాల్వులు ఎప్పుడూ ఎర్రగా వెలుగుతూ ఉంటాయి కదా, కరెంటు బిల్లు వాచిపోదా?
– గృహిణి, నెల్లూరు

జవాబు: నాది మొత్తం కలిపి 50 వాట్లు లాగుతుంది. రోజూ రెండు గంటలు వింటే పది రోజులకి ఒక యూనిట్. బిల్లు కన్నా వోల్టేజీ చూసుకోవాలి. 220 వోల్టులకి చుట్టిన పాత ట్రాన్స్‌ఫార్మరు, రాత్రి లైను 245కి లేస్తే, 6.3 వోల్టులు ఉండాల్సిన ఫిలమెంటుకి ఏడు పంపిస్తుంది. అలా రోజూ జరిగితే వాల్వు త్వరగా ముసలిదవుతుంది.

అసలు బాధ వేడి. మీ నెల్లూరు ఎండల సంగతి మీకే తెలుసు. మే నెలలో ఆ గదిలో ఫ్యాను వేస్తే ఆ చప్పుడుకి పాట వినపడదు, ఆపితే చెమట. అందుకని ఉగాది వెళ్ళిన వారానికి వాల్వు యాంప్లిఫయరు మీద గుడ్డ కప్పేసి, తొలకరి పడేదాకా అదే తలుపుకి టీడీఏ2003 తగిలించుకుని వింటాను.