సభకు ముందు ఆ ఇంటికి వెళ్ళు

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఊళ్ళో మానసిక వ్యాధుల గురించి సభ పెట్టబోతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. అయితే మైకు, బ్యానరు మాట తర్వాత చూసుకోవచ్చు. ముందు అటువంటి జబ్బున్న మనిషి ఉన్న ఇంటికి వెళ్ళి, ఏమీ బోధించకుండా, ఆ తల్లి పక్కన ఓ గంట కూర్చో. మీ బాబాయికి ఇరవై రెండో ఏట స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి వచ్చినప్పుడు గాలి సోకిందనీ, చేతబడి జరిగిందనీ చెప్పేవారు రోజూ వచ్చారు గానీ, మీ నానమ్మను అన్నం తిన్నావా అని అడిగినవారు లేరు. తాయెత్తులతోనే రెండేళ్ళు పోగొట్టుకున్నాం.

సభలో మాత్రల గురించి ఎక్కువసేపు మాట్లాడు. కాస్త నెమ్మదించగానే ఇక మందులెందుకని మానేస్తారు. చాలామందికి కొన్ని వారాలకో నెలలకో జబ్బు తిరగబెడుతుంది. బాబాయి తలగడ గలేబులో ఇరవై మాత్రలు దొరికిన రోజు నేను కేకలు వేశాను. అది నా తప్పు. చేతులు వణుకుతున్నాయనీ, పగలంతా మత్తుగా ఉంటోందనీ వాడు నాలుగు నెలల తర్వాత చెప్పాడు. డాక్టరుగారు మందు మార్చాక వాడే అడిగి వేసుకోసాగాడు.

వాడికి గొంతులు వినబడితే ఎవరూ లేరని వాదించకూడదు, ఉన్నారని ఒప్పుకోనూ కూడదు. "నాకు వినబడటం లేదురా, నీకు భయంగా ఉందా?" అని అడిగితే వాడు నా చెయ్యి పట్టుకునేవాడు.

గొలుసుల విషయం గట్టిగానే చెప్పు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది కాలిపోయారు. రోగిని గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కానీ కట్టేసిన తల్లిని దోషిగా నిలబెట్టకు. రాత్రిపూట కాపలాకు మరో మనిషి ఉంటే ఆమె కట్టేది కాదు. ఆసుపత్రికి తోడు వెళ్ళేందుకు, ఒక పూట ఇంట్లో ఉండి ఆమెను నిద్రపోనిచ్చేందుకు నలుగురి పేర్లు సభలోనే రాయించు. మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 పంచాయతీ గోడమీద పెద్ద అక్షరాలతో రాయించు. ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడవచ్చు.

బాబాయి కూడా వస్తానంటున్నాడు. వాడిని వేదిక ఎక్కించకు, నీ పక్కన చాపమీద చోటుంచు. మాట్లాడాలనిపిస్తే వాడే మాట్లాడతాడు.